బండి మీద బస

ఇల్లు విడిచి నాలుగు దినములు వెలుపల నుండవలసి వచ్చినపుడు మనుష్యునకు ముఖ్యముగా కావలసినవి నాలుగు: తల దాచుకొనుటకు నీడ, నడుము వాల్చుటకు చోటు, వండుకొనుటకు పొయ్యి, త్రాగుటకు నీరు. ఈ నాలుగింటిని చక్రముల మీద నమర్చుకొని, మంచి బాట యున్నచోటికే గాక, రాళ్ళ దారికిని, వాగు గట్టునకును తీసికొనిపోవు విద్యను గూర్చి నేడు ముచ్చటింప దలచితిమి. ఈ కాలమున దీనిని క్యాంపింగ్ ట్రెయిలరు అనుచున్నారు. జీపు వెనుకనో, కారు వెనుకనో తగిలించిన చిన్న బండి. దానిపై మడత విప్పిన గుడారము. ప్రక్కల అరలు, సొరుగులు. వెనుక తలుపు దించినచో వంటబల్ల. పేరు క్రొత్తది గాని, పని మాత్రము కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల వారికి క్రొత్తది కాదు.

మా ప్రాంతమున జాతర యనగా ఒకపూట చూచి మరలి వచ్చు వేడుక కాదు, అది బస. కొండగట్టు అంజన్న సన్నిధికి చైత్ర పూర్ణిమనాడును, మరల వైశాఖ బహుళ దశమినాడును హనుమజ్జయంతికై దీక్షాపరులు తండోపతండములుగ వత్తురు. మేడారమున సమ్మక్క సారలమ్మల జాతర రెండేండ్ల కొకమారు మాఘ పూర్ణిమకు జరుగును. ఆదిలాబాదు జిల్లా కేస్లాపూరున నాగోబా జాతర పుష్య అమావాస్యనాడు మొదలగును. ఈ జాతరలకు బయలుదేరు కుటుంబము పూర్వము తన యింటిని కూడ వెంట గొనిపోవుచుండెను. ఆ యిల్లే ఎడ్లబండి.

గూడుబండి కట్టు తీరును ఒకమారు మనసునకు దెచ్చుకొనుడు. వెదురు బద్దలను విల్లువలె వంచి, బండికి ఇరుప్రక్కల బిగించి, వానిపై చాప పరచి, వాన భయమున్నచో ఆ చాపపై తాడిపత్రి కప్పుదురు. అడుగున వరిగడ్డి మందముగ పరచి, పైన గొంగడి వేయుదురు. ఆ గడ్డి పగలు పరుపు. మజిలీ చేరిన పిమ్మట ఎడ్లకు మేత. ఇరుసు దగ్గర వ్రేలాడు గొట్టములో కందెన యుండును. ఆముదమున కాల్చిన గడ్డి మసి కలిపి చేసిన ఆ కందెన లేనిదే బండి ఊరు దాటదు. రాత్రి ప్రయాణమునకు బండి క్రింద లాంతరు కట్టుదురు. వంటపాత్రలు వెనుక, బియ్యము, పప్పు మూటలు నడుమ, నీళ్ళ కుండ గడ్డిలో కుదురుగ. చక్రములకు తుమ్మకఱ్ఱ, తక్కిన భాగములకు నల్లమద్దియు టేకును వాడుట వడ్రంగుల వాడుక. తుమ్మ బలమైనది, దెబ్బకు తాళును. కొలబద్ద పట్టి పటము గీయకున్నను, ఆ బండిలో ప్రతి వస్తువు యొక్క చోటు వెనుకను ఒక కారణము కలదు.

ఆ కారణములలో మొదటిది తూకము. రెండు చక్రముల బండి త్రాసువంటిది; ఇరుసు దాని ముల్లు. బరువు వెనుకకు పోయినచో కాడి పైకి లేచి, ఎడ్ల మెడ క్రింది పట్టె గొంతు నొక్కును. బరువు మితిమీరి ముందునకు వచ్చినచో మెడ ఒరసి పుండగును. అందువలన అనుభవముగల బండివాడు సామాను నింపిన పిదప కాడిని చేత నెత్తి చూచును. కాడి కొంచెము క్రిందికి మొగ్గవలెను, చేయి నొవ్వరాదు. ఇంతియే ఆతని పరీక్ష. నేటి ట్రెయిలరు శాస్త్రము చెప్పునదియు నిదియే. ట్రెయిలరు మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 పాళ్ళు కొక్కెము మీద పడవలెను. మిగిలినది చక్రముల మీద నుండవలెను. కొక్కెము మీద బరువు చాలనిచో బండి వేగమున పాము తోకవలె అటునిటు ఊగనారంభించును. ఆ ఊపు ముదిరినచో ముందున్న వాహనమును కూడ త్రిప్పివేయును. ఎద్దు గొంతు పట్టినపుడు ఆగిపోవును గాన పూర్వపు బండివానికి ముందుగనే తెలియుచుండెను. యంత్రము అట్లు ఆగదు.

రెండవ కారణము మజిలీ క్రమము. దీనిని చూడదలచినవారు నాగోబా జాతరకు బోవలెను. మెస్రం వంశపు గోండులు గోదావరి తీరమున హస్తినమడుగు నుండి పవిత్ర జలమును కాలినడకన తెచ్చి, కేస్లాపూరున మర్రిచెట్ల క్రింద విడిది చేయుదురు. కుటుంబములును వంట సామగ్రియు ఎడ్లబండ్లపై వచ్చుట వారి సంప్రదాయము. అచ్చట వంశము వారందరు 22 పొయ్యిలపై వంతులవారీగ వండుకొందురను మాట ప్రసిద్ధము. ఎవరి బండి ఎచ్చట నిలువవలెను, ఎవరు ఎప్పుడు వండవలెను అనునది అక్కడికి చేరిన తరువాత తర్కించి తేల్చుకొనునది కాదు, ముందే యేర్పడియున్నది. 1940ల దశకమున ఈ గోండుల నడుమ నివసించి వారి జీవనమును పరిశీలించిన హైమండార్ఫు పండితుని పేరు నేటికిని ఆ ప్రాంతమున ఆదరముతో తలతురు. విడిది యనగా గుడారము ఒక్కటియే కాదు; నీరు, నిప్పు, నిద్ర ఈ మూడింటికిని ముందే కుదిరిన యేర్పాటు అని ఆ మర్రిచెట్ల నీడ మనకు నేర్పుచున్నది.

ఇతర దేశములందును ఈ విద్య బండినుండియే పుట్టినది. ఇంగ్లండున 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను మాజీ నౌకాదళ వైద్యుడు బ్రిస్టల్ నగరపు బండ్ల కర్మాగారమున ప్రత్యేకముగ ఒక గుఱ్ఱపు బండిని చేయించుకొని, దానికి ‘వాండరర్’, అనగా సంచారి, అని పేరిడి, స్కాట్లండు వరకు సుఖముగ ప్రయాణించెను. వినోదార్థము చేయించిన కారవానులలో దానిని మొదటిదిగా పేర్కొనుట కలదు. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికను సైన్యము జీపు వెనుక తగిలించు పావు టన్ను ట్రెయిలరును వాడెను. బాట లేనిచోట దానిలో 500 పౌనుల, అనగా సుమారు 225 కిలోల సామాను మాత్రమే వేయవలెనని నియమము. తొట్టిలోనికి నీరు చొరకుండ చేసినందున అది వాగులో తేలగలిగెడిది. యుద్ధానంతరము ఇట్టి బండ్లు ప్రజల చేతికి వచ్చినవి. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా దేశములలో ఎడారులు, అడవులు దాటువారు ఈ తరహా బండ్లపై గుడారములు, వంటపెట్టెలు అమర్చి, దానినొక పరిశ్రమగ పెంచిరి.

మన ఊళ్ళలో ఎడ్లబండి తగ్గి, ఆ స్థానమును ట్రాక్టరు ట్రాలీ ఆక్రమించినది. జాతర దినములలో ట్రాలీపై గడకఱ్ఱలు నిలిపి, తాడిపత్రి కట్టి, అడుగున గడ్డి పరచి పోవుట మనము చూచుచునే యున్నాము. గూడుబండి రూపము మారి ట్రాలీ నెక్కినది. అయితే గూడుబండితోడి జాగ్రత్త కూడ ఎక్కినదా అనునదే ప్రశ్న. ఇది తరువాత విన్నవింతుము. ముందుగ, జీపునకో కారునకో తగిలించు చిన్న ట్రెయిలరును బసకు సిద్ధము చేయగోరువారు ఏయే సంగతులు చూచుకొనవలెనో చెప్పుకొందము.

మొదట కాగితమును, పెన్సిలును తీసికొని బరువు లెక్క వ్రాయుడు. ఉదాహరణకు, ట్రెయిలరు మొత్తము 750 కిలోలకు మించరాదనుకొందము. చట్రము, చక్రములు, తొట్టి కలిపి ఖాళీ బండి 400 కిలోలైనచో మీ చేతిలో మిగిలినది 350. అందు నీరు 80 లీటర్లు, అనగా 80 కిలోలు. గుడారము, దాని కఱ్ఱలు 60. నిండు వంటగ్యాసు సిలిండరు 30. బియ్యము, పప్పు, పాత్రలు 60. పడకలు 40. అదనపు చక్రము, పనిముట్లు 50. వెరసి 320 కిలోలు. ఇక మిగిలినది 30 మాత్రమే. ‘పిల్లవానిని కూడ వెనుక బండిలో కూర్చుండబెట్టుదము, చోటున్నది కదా’ అనువారికి ఈ లెక్కయే ఒక సమాధానము. చోటుండుట వేరు, బరువునకు తావుండుట వేరు.

కొండగట్టు స్థలపురాణమున ఒక కథ కలదు. సంజీవి కొరకు పోయిన హనుమంతుడు ఏ మూలిక కావలెనో తెలియక పర్వతమునే పెకలించుకొని వచ్చుచుండగ, అందొక భాగము ఇచ్చట విరిగిపడినదని చెప్పుదురు. ఆయనకు చెల్లినది. మనలో చాలమంది ప్రయాణమునకు సామాను సర్దు పద్ధతియు ఇదియే: ఏది కావలెనో నిశ్చయించుకొనలేక ఇంటినంతయు నెత్తుకొని బయలుదేరుదుము. మనకు ఆ భుజబలము లేదు. మన ఇరుసునకు అసలే లేదు.

రెండవది, అరల యేర్పాటు. బరువైనవి క్రింద, ఇరుసునకు దగ్గరగ నుండవలెను. తేలికవి పైన, దూరముగ. నీళ్ళ తొట్టిని ఇరుసు మీదుగ, వీలైనంత క్రిందుగ బిగించుట మేలు. తొట్టి సగము ఖాళీ యైనపుడు నీరు ముందువెనుకలకు దూకి బండిని కుదుపును. కావున తొట్టి లోపల అడ్డుపలకలుండవలెను. సొరుగులకు గట్టి గొళ్ళెములు తప్పవు. రాళ్ళ దారిన సొరుగు తనంత తాను తెరచుకొన్నచో, అందలి సామానంతయు వెనుకకు చేరి తూకము తప్పించును. తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేయనిచో మట్టిబాట దుమ్ము పిండిలోనికి, పడకలోనికి చేరును. కొండగట్టు వంటి క్షేత్రములలో గొళ్ళెమునకు మరియొక ప్రయోజనము కూడ కలదు. అచ్చటి కోతులు మూత తీయుటలో కడు నేర్పరులు. ముడి వేసిన సంచి వానికి అడ్డు కాదు. ఇనుప పెట్టె, లోపలికి నొక్కి త్రిప్పు గొళ్ళెము కావలెను.

వంటగ్యాసు విషయమున ఒక్క మాట. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. అది కారినచో పైకి పోక నేలబారున నిలుచును. కావున సిలిండరు అరకు అడుగుభాగమున గాలి రంధ్రములుండవలెను. ఆ అర పడకచోటుతో కలియరాదు. ప్రయాణమున సిలిండరు నిలువుగ, కదలకుండ, పట్టెలతో బిగించియుండవలెను. గుడారము లోపల పొయ్యి వెలిగింపరాదు. కుంపటి అసలే పెట్టరాదు. మూసిన గుడ్డలో బొగ్గు పొగ నిద్రలోనే ప్రాణము తీయును.

మూడవది గుడారము. బండి నెత్తిమీద విప్పుకొను గుడారము నేడు వాడుకలో నున్నది. తేలు, పాము భయము లేదు. నేల చదునుగ నుండనక్కరలేదు. కాని దాని బరువు ఎత్తున నుండుటచేత మలుపులలో బండి ఒరగు స్వభావము హెచ్చును. ప్రక్కకు విప్పి నేలపై దించు గుడారము దారిలో తేలిక, బసలో విశాలము. గుడ్డ సంగతికి వచ్చినచో, నూలు కాన్వాసు బరువైనను గాలి నాడనిచ్చును. నైలాను తేలికయైనను ఎండలో ఉక్కపోయును. చైత్ర వైశాఖముల ఎండకు మా ప్రాంతమున ఒంటి కప్పు చాలదు. గుడారముపైన జానెడు ఎడముగ మరియొక తాడిపత్రి కట్టినచో నడుమ గాలి యాడి లోపల చల్లబడును. గూడుబండివారు చాపపై తాడిపత్రి కప్పుట వలన ఈ గుణము కొంతవరకు అప్పుడే యెరుగుదురు. తడిసిన కాన్వాసును మడచి రెండు దినములుంచినచో బూజు పట్టి చినుగును. ఇల్లు చేరగనే ఆరవేయుడు.

గుడారము నిలుపు నేలను కూడ చూడవలెను. నల్లరేగడిలో ఎండిన నాడు మేకు దిగుట కష్టము. తడిసిన నాడు నిలుచుట కష్టము. అట్టిచోట పొడవైన మేకులు వాడవలెను. లేదా సంచులలో రాళ్ళు నింపి త్రాళ్ళను వానికి కట్టవలెను. వాగు ఇసుకలో బస చూచుటకు అందముగ నుండును. కాని ఎగువ కురిసిన వాన ఇచ్చట చెప్పి రాదు. గట్టు మీదనే నిలుపుడు.

నాలుగవది, చక్రములును నిలుపుదలయు. ట్రెయిలరు చక్రములు ముందున్న వాహనపు చక్రముల పరిమాణము, ఎడము కలిగియున్నచో రెండు లాభములు: ఒకే అదనపు చక్రము రెంటికిని పనికి వచ్చును; ముందు చక్రములు తొక్కిన జాడలోనే వెనుకవి నడచును. కొక్కెమునకు తోడుగ గొలుసు తప్పక యుండవలెను. కొక్కెము ఊడినను బండి విడిపోరాదు. వెనుక ఎర్రదీపములు, ప్రక్క దీపములు పనిచేయుచున్నవో లేవో ప్రతి మజిలీయందు చూడవలెను.

ఇక బ్రేకులు. ఎక్కుటలో ఇంజను కష్టపడును. దిగుటలో బ్రేకు కష్టపడును. పదడుగులకు ఒక అడుగు వాలుగల దారిలో 750 కిలోల ట్రెయిలరు సుమారు 75 కిలోల బలముతో ముందు వాహనమును నెట్టుచునే యుండును. ఆ నెట్టుడును ఒక్క కాలి బ్రేకుతోనే ఆపుచు వచ్చినచో, బ్రేకు వేడెక్కి పట్టు సడలును. కావున ట్రెయిలరునకు తన బ్రేకు తనకుండవలెను. బండి ముందునకు నెట్టినపుడు కొక్కెము నొక్కుకొని తనంత తాను బ్రేకు పడు యేర్పాటు కలదు, అది మంచిది. దాని తోడుగ, దిగుట మొదలుకాక పూర్వమే చిన్న గేరు వేసికొనవలెను. మధ్యలో వెదకుట కాదు.

కొండగట్టు పేరు చెప్పి దిగుడు దారిని గూర్చి మాటలాడునపుడు 2018 సెప్టెంబరు 11వ తేదీని మరచుట సాధ్యము కాదు. ఆనాడు కనుమదారిన దిగుచున్న ఆర్టీసీ బస్సు లోయలో బడి 60 మందికి పైగా మరణించిరి. మోయదగిన సంఖ్యను ఎంతో మించి అందు ప్రయాణికులుండిరి. శనివారంపేట, హిమ్మత్‌రావుపేట, రాంసాగరు, డబ్బుతిమ్మయపల్లి వంటి చుట్టుప్రక్కల ఊళ్ళలో ఆనాటి దుఃఖము సోకని వాడ లేదు. అది ట్రెయిలరు కాదు, బస్సు; నిజమే. కాని వాలునకు ఆ భేదము తెలియదు. చక్రముల పైనున్న బరువెంత, దానిని ఆపగల శక్తి యెంత, ఈ రెండే ఆ దారికి తెలిసిన లెక్కలు.

ఇప్పుడు ట్రాలీ ప్రశ్నకు వత్తుము. గూడుబండిలో మనుష్యులు కూర్చుండిరి కదా, ట్రాలీలో కూర్చుండిన తప్పేమి అని అడుగువారు కలరు. గూడుబండి నడక మనుష్యుని నడక. దిగుడు వచ్చినచో బండివాడు కాడి దగ్గరకు బోయి ఎడ్లను పట్టుకొనుచుండెను. లోనివారు దిగి నడచుచుండిరి. ఆ వేగమున బండి తొణికినను ప్రాణము దక్కుట కవకాశ ముండెడిది. ట్రాలీ నడక అది కాదు. చాల ట్రాలీలకు తమ బ్రేకు తమకు లేదు. కూర్చుండుటకు ఆసనము లేదు, పట్టుకొనుటకు ఆధారము లేదు. అది ధాన్యమునకు, ఎరువునకు చేసిన బండి. సామాను జారినచో మరల ఎత్తి వేయవచ్చును. చట్టమును కూడ తెలిసికొనుట మంచిది. ట్రెయిలరు కూడ చట్టము దృష్టిలో నమోదు కావలసిన వాహనమే. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము నమోదు పత్రములోని వివరములకు భిన్నముగ వాహనపు రూపమును ఇష్టానుసారము మార్చరాదు. కావున చట్రము కోయించుటకు, పొడిగించుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించుడు. కొలిమి దగ్గర ఖర్చైన తరువాత విచారించుటలో ప్రయోజనము లేదు.

కొండ క్షేత్రములకు బోవువారికి మా సలహా యొక్కటి. బస బండిని కొండ దిగువనే, చదునైన చోట నిలుపుడు. చక్రముల ముందు వెనుకల రాళ్ళు పెట్టుడు. పొయ్యి, పడక అచ్చటనే యుండనిండు. దర్శనమునకు కొండ నెక్కునపుడు చేతిసంచితో నెక్కుడు. దేవుని యొద్దకు వంటపాత్రలు రానక్కరలేదు. మెస్రంవారు గోదావరీ జలమును భుజమున బెట్టుకొని నడచుచున్నారు. వంటపాత్రలు మాత్రము బండి మీద వచ్చుచున్నవి. మోయవలసినదేదో, మోయించవలసినదేదో వారికి స్పష్టముగ తెలియును.

గుడారము ఖరీదైనది కానక్కరలేదు. అరలు టేకుతో చేసినవి కానక్కరలేదు. పాత తాడిపత్రి, వెదురు బద్దలు, ఊరి వడ్రంగి చేసిన పెట్టె చాలును. కాని బయలుదేరుటకు ముందు ఆ పూర్వపు బండివానివలె ఒక్కమారు కొక్కెమును చేత నెత్తి చూడుడు. బ్రేకు తొక్కి చూడుడు. బండిలో సామాను తప్ప మనుష్యులు లేరని చూడుడు. సామాను బండిలోను, మనుష్యులు ఆసనములుగల వాహనములోను సాగినపుడు ఏ జాతర బసయైనను సుఖముగ నుండును.